పీఆర్వో అవుదామని కంకిపాడు దాకా

కృష్ణా డెల్టాను జయించడానికి బయల్దేరిన ఒక వీరుడి గాథ చెప్తాను, సర్దుకుని కూర్చోండి. శత్రువు, ఆయుధం, అవమానం అన్నీ ఉన్నాయి. కాకపోతే శత్రువు నా డిగ్రీ క్లాస్‌మేట్ బాషా, ఆయుధం టై, దండయాత్ర విజయవాడ నుంచి కంకిపాడుకి.

బాషా అక్కడో ప్రైవేటు ఆస్పత్రిలో పీఆర్వో. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పబ్లిసిటీ ఆఫీసులో ప్రెస్‌నోట్లు రాస్తాను. నేను రాసింది పేపర్లో వస్తుంది, నా పేరు రాదు. వాడి పేరు మాత్రం ఫొటోతో సహా మెళ్లో వేలాడుతుంటుంది. ఆ కార్డు వాట్సాప్‌లో పెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. బిర్యానీ తినాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఇంకో పీఆర్వో పోస్టు ఖాళీ అయిందని వాడే ఫోన్ చేశాడు. శత్రువు సాయం చేస్తే ఒళ్లు ఇంకా మండుతుంది.

పొద్దున ఎనిమిదిన్నరకి ఉయ్యూరు బస్సెక్కాను. పక్క సీట్లో చీరల మూట ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ, "ఇంటర్వ్యూకా నాయనా?" అంది.

"ఎలా కనిపెట్టారండీ?"

"ఈ ఎండలో, ఈ బస్సులో టై ఇంకెవరు కడతారు? విప్పి జేబులో పెట్టుకో, దిగాక కట్టుకుందువు గాని."

పెనమలూరు దాటేసరికి విప్పేశాను.

కంకిపాడులో బాషా బండి మీద ఎదురొచ్చాడు. "నాలుగింటికి మేనేజర్ గారు పిలుస్తారు. ఈలోగా పనేంటో చూద్దువు గాని, ఎక్కు." ఇన్నాళ్లూ వాడికి ఏసీ గది, తిరిగే కుర్చీ ఉన్నాయనుకుని ఏడ్చాను. వాడి ఆఫీసు ఆ బండే. ఊరూరా తిరిగి, జ్వరాలకీ దగ్గులకీ మందులిచ్చే ఆర్ఎంపీ డాక్టర్లని కలిసి, పెద్ద కేసులొస్తే మా ఆస్పత్రికి పంపండని అడగడమే ఉద్యోగం. నా ప్రాణానికి ఎంత హాయో!

ఆ హాయి మొదటి ఊళ్లోనే పోయింది. అక్కడి ఆర్ఎంపీ గారు వాణ్ణి చూడగానే, "మీ అమ్మ మోకాలెలా ఉందిరా బాషా?" అన్నారు. లోపల్నించి మజ్జిగ వచ్చింది. ముందు వాడికే.

"ఇక్కడ ఉచిత వైద్య శిబిరం పెట్టుకోనిమ్మని నువ్వడుగు," అన్నాడు బాషా నాతో. నేను గొంతు సవరించుకుని, "గ్రామీణ ప్రజల ఆరోగ్య పరిరక్షణే ధ్యేయంగా..." అని మొదలుపెట్టి ఎక్కడా ఆగలేదు. పెద్దాయన ఓపిగ్గా విన్నారు.

"పేపరు చదివి వినిపించినట్టే ఉంది బాబూ. ఇంతకీ నీకేం కావాలి?"

ఈలోగా బల్ల మీద పడుకున్న ముసలమ్మ సెలైన్ సీసా కొక్కెం నుంచి జారబోతే, బాషా పట్టుకుని నిలబడ్డాడు. అయిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఆదివారం పెట్టుకోరా," అన్నారు పెద్దాయన, వాడితో.

అంతటితో నా అసూయ కార్డు మీంచి దిగి మజ్జిగ మీదికి ఎక్కింది. కార్డయితే అచ్చు వేయించుకోవచ్చు.

మధ్యాహ్నం కంకిపాడులో హోటల్ భోజనం. పప్పుచారు బాగుంది. రెండోసారి అడక్కుండా వడ్డించింది వాడికే.

నాలుగింటికి టై కట్టుకుని, నా ప్రెస్‌నోట్ల ఫైలు మేనేజర్ గారి ముందు పెట్టాను. ఆయన తెరవలేదు.

"బాషా మీ గురించి చాలా చెప్పాడండీ. బండి ఉందా?"

"లేదండీ."

"లైసెన్సు?"

"లేదండీ."

"పోనీ, నడపడం వచ్చా?"

"వెనక కూర్చోవడం వచ్చండీ."

ఆయన నవ్వలేదు.

బస్సు దగ్గర దింపుతూ బాషా, "నేర్చుకోరా. నెలాఖరు దాకా పోస్టు ఆపమని నేను అడుగుతాలే," అన్నాడు. మంచితనం కూడా వాడికే ఉండాలా?

కిటికీ పక్క సీటు దొరికింది. వాడి మీద కోపం తెచ్చుకోవడానికి ఒక్క కారణం వెతుక్కుంటూ వచ్చాను. బస్సు విజయవాడలోకి, పటమట దాకా వచ్చేసినా దొరకలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి, మర్నాడు ఆర్టీవో ఆఫీసులో నాకు తెలిసిన ఒక మాట: లెర్నర్ లైసెన్సు చేతికొచ్చాక నెల రోజులు నిండితేగాని అసలు లైసెన్సు పరీక్షకి రానివ్వరు.