ఎనిమిది గీతల వాన

ఎల్లారెడ్డి ముసాఫిర్ బంగ్లా చౌకీదారు హన్మండ్లు రోజూ పొద్దున వాన కొలిచే డబ్బా గరాటు మూత తీసేవాడు. లోపలి నీళ్లను గీతల గాజు గొట్టంలో పోసి, ఎన్ని గీతలో పుస్తకంలో రాసి, డబ్బాను చుక్క లేకుండా దులిపి పెట్టేవాడు. 1936లో హైదరాబాదు నుంచి, విశ్వవిద్యాలయం భూగోళశాఖలో పరిశోధన చేస్తున్న ముక్తార్ సాబ్ వచ్చి, ఒక్కరోజు కూడా తప్పొద్దని మాట తీసుకుని ఈ పని అప్పగించాడు. కామారెడ్డిలోనూ ఇలాంటి డబ్బా ఒకటి పెట్టించాడు. జ్వరంతో వణుకుతూ కూడా హన్మండ్లు మాట తప్పలేదు.

మూడో ఏడు వానలు ముఖం చాటేశాయి. కామారెడ్డి పుస్తకం నిండా సున్నాలు. హన్మండ్లు పుస్తకంలో మాత్రం మొదటి నుంచీ ఉన్నట్టే, వాన లేని రోజుల్లోనూ ఎనిమిది గీతలు. తాను పడుకున్నాక తుంపర పడుతోందేమో అనుకున్నాడు. ముక్తార్ సాబ్ ఇంకా ముందుకు పోయాడు. నిజాంసాగర్ ఆవిరే తుంపరై పడుతోందని తేల్చి, తన వానపటంలో ఎల్లారెడ్డి మీద నీలిరంగు పట్టీ వేశాడు. పై నెల విశ్వవిద్యాలయం పెద్దల ముందు అది నిలిస్తేనే అతనికి పరిశోధన పట్టా. ఆ సంబరం చెప్పడానికే కామారెడ్డిలో రైలు దిగి వచ్చాడు.

మర్నాడు డబ్బా దులిపి వెళ్లిన హన్మండ్లు మరిచిపోయిన పెన్సిలు కోసం వెనక్కి వచ్చాడు. భార్య ఎంకవ్వ ఉగ్గుగిన్నెతో డబ్బాలో నీళ్లు పోస్తోంది.

"ఏం చేస్తున్నవే?"

"కొలిచేదాన్ని ఎన్నడన్న ఉత్తగ పెడ్తమా? ఇంట్ల సోలల గుప్పెడు గింజలన్న ఉంచుత గద. నువ్వేమో దులిపి దులిపి పెడ్తవు."

"ఎన్నొద్దుల సంది?"

"అది పాతిన కాడికెళ్లి."

హన్మండ్లు తిట్టబోయి ఆగాడు. ఇంట్లో సోల ఉత్తగా ఉంటే ముందు కసురుకునేది తనే. ఊరుకుంటే సాబుకు పట్టా వస్తుంది. కానీ పడని వాన తన చేతిరాతతో పుస్తకంలోకి ఎక్కుతుంది. నేల చూస్తూ వెళ్లి సాబుకు అంతా చెప్పాడు.

ముక్తార్ సాబ్ పుస్తకం తెరిచాడు. ఎంకవ్వను పిలిచి, ఏ రోజైనా పోయడం మానావా అని అడిగాడు.

"బీబీపేటకు మా చెల్లె కాన్పుకు పోయిన తొమ్మిదొద్దులు పొయ్యలె" అంది.

పుస్తకంలో సరిగ్గా తొమ్మిది సున్నాలు. ఆ తొమ్మిది రోజులూ గాలి మళ్లిందని సాబ్ అప్పటికే రెండు పేజీల కారణం రాసి ఉన్నాడు. ఆ పేజీలు నాలుగు ముక్కలుగా చించాడు. ఉగ్గుగిన్నెను మూడుసార్లు కొలిచాడు. రెండు రోజులు హన్మండ్లు చదువుతుంటే అతను ఒక్కో రోజుకు ఎనిమిదేసి తీసేస్తూ పోయాడు. నీలి పట్టీ పోయింది, పట్టా ఏడాది వెనక్కి పోయింది. తాను పోయబట్టే ఆ మాత్రమన్నా వాన పడిందని ఎంకవ్వ రొట్టెలు పెడుతూ గొణిగింది.

ఆమె మానలేదు. చెప్పీ చెప్పీ విసిగి, హన్మండ్లే రోజూ ఎనిమిది తీసి రాయడం మొదలుపెట్టాడు.

1942లో ఎంకవ్వ పోయింది. దినాల్లోనూ రోజూ మూత తీశాడు, డబ్బా పొడిగానే ఉంది. సున్నాలే వేశాడు. దినాలయ్యాక ఒక పొద్దున, చచ్చి కూడా సతాయిస్తోందని సణుక్కుంటూ ఇంట్లోకి వెళ్లి ఉగ్గుగిన్నె తెచ్చి, నీళ్లు పోసి మూత పెట్టాడు.

మర్నాడు ఎనిమిది తీసి రాశాడు.