గ్రహణం వేళ గోలి

నిన్న గ్రహణమని పక్కింటామె పచ్చడి జాడీల మీద గరిక వేస్తుంటే ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలింది. అంతే, రత్నమ్మవ్వ గుర్తొచ్చింది. జనగామలో మేం అద్దెకున్న ఇంటామె, కిరాణా సావుకారి భార్య. ఆచారమంటే ఆచారమే, నవ్వులాట కాదు. అబ్బో, ఆమె గొంతు వింటేనే నాకు గుండెదడ!

తెలంగాణ కోసం రోజుకో బంద్ జరుగుతున్న కాలం. నాకు మొదటి కాన్పు. ఆ పరీక్షల్లోనే నాకూ మా ఆయనకూ హెచ్ఐవీ ఉందని తేలింది. ఆయనకు భూపాలపల్లి బొగ్గు బావిలో పని, వారానికోసారి వచ్చేవాడు. పొద్దునా సాయంత్రమూ ఒకే వేళకు మాత్ర వేసుకుంటే బిడ్డకు సోకకుండా కాపాడుకోవచ్చని దవాఖానలో చెప్పారు. చెప్పినంత సులువా? మింగింది మింగినట్టే వాంతయ్యేది. ఎవరైనా అడిగితే రక్తం గోలీలని బొంకేదాన్ని. ఒకసారి బంద్‌లో వరంగల్ పోలేక రెండు రోజులు మాత్రలే లేవు. తర్వాత వెళ్తే నర్సమ్మ, "ఇంకోపారి గిట్ల తప్పితే బిడ్డ సంగతి నేను చెప్పలేను చెల్లె" అన్నది. ఆ మాటకు నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ వారమే గ్రహణం వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం విడిచేదాకా కదలకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు, లేకుంటే బిడ్డ మొర్రిపెదవితో పుడుతుందని అవ్వ నమ్మకం. పొద్దుగూకకముందే నన్ను తన ఇంట్లో పడుకోబెట్టి తలుపులు మూసింది. మాత్ర వేళకు నేను లేవబోయాను.

"ఏడికి లేస్తున్నవ్? పండు!"

"గోలి ఏసుకోవాలె అవ్వా."

"రక్తం గోలికి గంత తొందరేంది? రేపు ఏసుకో."

ఏం చెప్పను? చెప్తే గది పోతుంది, చెప్పకపోతే బిడ్డకు ముప్పు. ఏడుపు ఆగలేదు. జబ్బు పేరుతో సహా చెప్పేశాను.

ఇక సామాన్లు సర్దుకోవాల్సిందే అనుకున్నాను. అవ్వ లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మరి మొర్రి ఒస్తెనో అవ్వా?" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ భయం నాకూ ఉంది.

"మొర్రి ఒస్తె కుట్లేయిస్తం. గీ రోగం ఒస్తె ఏం కుడ్తం? మింగు."

కొంగుముడిలోని మాత్ర తీసి మింగాను. మిగిలిన నీళ్లు పారబోద్దామని లేవబోతే, చెంబు నా చేతిలోంచి తీసుకుని గటగటా తాగేసింది. ఒకరి ఎంగిలి చస్తే ముట్టని మనిషి!

ఆ రోజు నుంచి వేళ కాగానే గోడ అవతల నుంచి "పిల్లా, గోలి!" అని కేకేసేది. కూతురు పుట్టాక దవాఖానకొచ్చి, ముందు దాని పెదవే తడిమి చూసింది. ఏడాదిన్నరకు ఆఖరి పరీక్షలో పిల్లకు ఏమీ లేదని తేలిన రోజు మాత్రం, దాన్ని ఒళ్లో వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడామె లేదు.

ఇప్పుడు మహబూబాబాద్ దవాఖానలో ధైర్యం, సలహా చెప్పే పని నాది. నా దగ్గరికి ఇదే జబ్బుతో ఉన్న గర్భిణులు వస్తుంటారు. అత్త చూస్తుందని, ఇరుగుపొరుగు అడుగుతారని మాత్ర మానేశామంటారు. ముందు ఒళ్లు మండుతుంది, కానీ తిట్టను. పక్కన కూర్చోబెట్టుకుని, "ఎవరికి చెప్పుకోగలవో ఒక్క పేరు చెప్పు బిడ్డా" అంటాను. ఒక్కరు చాలు. నాకున్నది ఒక్క అవ్వే.