ఓడ ఎక్కనివ్వని పిల్లవాడు

నార్త్‌డేల్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలికి అప్పటికి అరవై అయిదేళ్ళుంటాయి. చెప్పుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిషను మీద కూర్చుని రిటైరయింది. భర్త పోయాడు, పిల్లలు జొహానెస్‌బర్గ్‌లో స్థిరపడ్డారు. అక్కడ అందరూ పిలిచే వరసనే నేనూ ఆవిణ్ణి ఆంటీ అనేదాన్ని. అన్ని రంగులవాళ్ళకూ ఓటు వచ్చి మొదటి ఎన్నికలు జరిగిన మరుసటి ఏడు మేము ఆ దేశం వెళ్ళాం. మా ఆయన ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, నేను ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని.

ఆంటీ మాట్లాడేది ఇంగ్లీషే. తెలుగు మాటలు కొన్ని మాత్రం చిన్నప్పుడు వాళ్ళ అవ్వ దగ్గర పట్టుబడ్డవి మిగిలాయి. వాటిని నా ముందు వాడాలని ఆవిడకు సరదా. సాయంత్రం నేను బడి నుంచి రాగానే "ఏటి పిల్లా, కూడు తిన్నావా?" అని గోడ అవతలి నుంచి అడిగేది.

ఒక శనివారం ఆవిడే మా గుమ్మంలోకి వచ్చింది. పాత ప్రభుత్వం రంగుని బట్టి మనుషుల్ని ఖాళీ చేయించిన స్థలాలకు ఇప్పుడు అర్జీ పెట్టుకోవచ్చని కొత్త చట్టం వచ్చింది. నార్త్ కోస్ట్‌లో వాళ్ళ తాత కొన్న స్థలం అలాగే పోయింది. డార్నల్‌లో ఉన్న అన్నగారు అర్జీ కోసం పాత ట్రంకు పెట్టె తెరిస్తే కాగితాలతో పాటు తెలుగు రాతున్న పుస్తకం ఒకటి బయటపడిందట.

"నాకు మాట వస్తది, చదవను రాదు. నువ్వు వచ్చి చదువు" అంది.

దారిలో కారు నడుపుతూ అసలు సంగతి ఇంగ్లీషులో చెప్పింది. ఆ తాత తన నాన్నను కన్న తండ్రి కాదట. అవ్వకు పిల్లల్లేరు. వాళ్ళ నాన్నను రెండు మూడేళ్ళవాడిగా తెచ్చుకుని పెంచారు. ఎవరి పిల్లవాడో, ఎక్కణ్ణుంచి తెచ్చారో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నాన్న పెద్దయ్యాక కోపం వచ్చినప్పుడల్లా, "నన్ను పారేసి పోయినారు" అనేవాడట. అడిగితే అవ్వ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదట.

డార్నల్‌లో అది చెరుకు కాల్చే కాలం. వరండాలో బల్ల ముందు కూర్చున్నాం. గాలికి మసి వచ్చి బల్ల మీద పడుతుంటే ఆంటీ కొంగుతో తుడుస్తూ ఉంది. ఆవిడ అన్నగారు డెబ్భై ఏళ్ళ మనిషి, చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు.

ముందు వైపంతా భజన పాటలు. తిరగేసి వెనక నుంచి చూస్తే తాత రాసుకున్న ఇంటి సంగతులు ఉన్నాయి. మాటల మధ్య ఖాళీ లేదు, సగం ఒత్తులు లేవు. సిరా కొన్నిచోట్ల గోధుమ రంగులోకి మారిపోయింది. మొదటి గంటలో ఒక పేజీ కూడా సాగలేదు. ఎవరి ఇంట్లో పెళ్ళి, ఎవరికి పాము కరిచింది, గుడికి ఎప్పుడు పునాది తవ్వారు, అవీ విషయాలు. మూడో పేజీలో ఆగిపోయాను.

"ఏటి రాసున్నాది? సెప్పు" అంది ఆంటీ.

ఉన్నది ఉన్నట్టు చదివాను. "కుర్రవాడికి అమ్మవారు పోసినది. వోడ యెక్కనివ్వలేదు. తల్లి తండ్రి యేడ్చి మా చేతులలో పెట్టి వెళ్ళిరి. నయమైన తరువాత తెలిసిన వారితో పంపుడని చెప్పిరి." దాని కింద ఇద్దరి పేర్లు, పేర్ల పక్కన, చెరుకు తోటల్లో పనికి ఒప్పందం మీద మన దేశం నుంచి ఓడల్లో తెచ్చిన కూలీలకు ఇచ్చే నంబర్లు.

అమ్మవారు పోయడమంటే ఆంటీకి అర్థమైంది. ఓడ సంగతి నేను చెప్పాను. ఒప్పందం తీరిన కూలీలు తిరిగి వెళ్ళే ఓడ. ఒంటి మీద పొక్కులున్న బిడ్డను రేవులో ఆపేసి ఉంటారు. బిడ్డ కోసం వాళ్ళూ ఎందుకు ఆగిపోలేదో, ఆగడానికి వీల్లేకపోయిందో పుస్తకంలో లేదు.

"పారేసి పోలేదు" అంది ఆంటీ మెల్లగా.

ఇంకో రెండు పేజీల తర్వాత మరో మాట దొరికింది. చదవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి చదివేశాను. "కుర్రవాడిని పంపమని వుత్తరము వచ్చినది. మా యింటిది వొప్పుకోలేదు. జవాబు వ్రాయలేదు."

ఆ ఉత్తరం కోసం ట్రంకు పెట్టె అంతా మళ్ళీ వెతికాం. లేదు.

అన్నగారు పుస్తకం మూసి తన వైపు లాక్కున్నాడు. "ఇది వద్దు మ్యాన్. స్థలం తాత పేరున ఉంది. నాయన ఆయన కొడుకు కాదని మనమే చూపిస్తే ఆఫీసులో ఏమంటారు? ఒదిలేయి."

"నాకు ఆఫీసు వద్దు అన్నా. నాయన ఎవరి బిడ్డో తెలవాల."

"తాత బిడ్డ. అవ్వ బిడ్డ. ఇంకెవరు?"

ఆంటీ ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ అవ్వ బతికున్నంత కాలం నాన్నను డర్బన్ రేవు వైపు వెళ్ళనివ్వలేదట. పెళ్ళయి నలుగురు పిల్లలు పుట్టాక కూడా, ఆయన స్నేహితులతో ఆదివారం ఓడలు చూడ్డానికి వెళ్తానంటే అవ్వ అన్నం మానేసి కూర్చునేదట. సముద్రమంటే భయమనుకున్నారు ఇంట్లో అందరూ.

నేను ఆ రెండు పేర్లూ, నంబర్లూ ఒక కాగితం మీద రాసుకున్నాను. అన్నగారు చూశాడు గాని ఆపలేదు.

అక్కడ జూలైలో వచ్చే శీతాకాలం సెలవుల్లో నేనూ ఆంటీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పాత ప్రభుత్వ కాగితాలు దాచే ఆఫీసుకు వెళ్ళాం. నడివయసు జూలూ ఉద్యోగిని ఒకావిడ మా చీటీ తీసుకుంది. ఆంటీని "గోగో" అని పిలిచి కుర్చీ వేసింది. వాళ్ళ భాషలో నాయనమ్మ అని. కూలీల పుస్తకాలు పెద్దవి, ఇద్దరు పట్టుకుని దించాల్సినవి. నంబరు ఉండబట్టి పట్టుమని పది నిమిషాల్లో దొరికింది.

ఒకే పేజీలో కింద ఒకరు, పైన ఒకరు. ఓడ దిగేనాటికి మొగుడికి ఇరవై రెండేళ్ళు, పెళ్ళానికి పద్దెనిమిది. విశాఖపట్నం జిల్లా, శృంగవరపుకోట దగ్గర ఒక ఊరు. అతని ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ అని రాసి ఉంది. ఇద్దరి గీతల చివరా ఎర్ర సిరాతో, మద్రాసుకు తిరిగి వెళ్ళారని. పిల్లవాడి మాట లేదు.

ఆంటీ ఆ పేర్ల మీద వేలు పెట్టబోయి ఆగింది. "ముట్టుకోవచ్చా?" అని ఆ ఉద్యోగినిని అడిగింది.

"ముట్టుకో గోగో. మా వాళ్ళ పేర్లు ఈ బీరువాల్లో దొరకడం కష్టం. నీవి దొరికాయి" అందావిడ.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆంటీ అడిగిందొకటే. "పద్దెనిమిది ఏళ్ళ పిల్ల. వచ్చిన మూడో ఏటో నాలుగో ఏటో బిడ్డ పుట్టుంటాడు. ఆ తర్వాత వదిలి పోయింది. అంటే మా ఫ్యాక్టరీలో పనిచేసే పిల్లల వయసే కదా?" అవునన్నాను.

డిసెంబరులో నేను మా ఊరు వెళ్ళినప్పుడు ఒక రోజు తీరిక చేసుకుని శృంగవరపుకోట బస్సెక్కాను. ఆ ఊళ్ళో వాళ్ళ తాలూకు మనుషులు ఎవరూ లేరు. పంచాయతీ అరుగు మీద కూర్చున్న ముసలాయన చాలాసేపు గుర్తు చేసుకున్నాడు.

"ఆళ్ళా? నాటాలోళ్ళు అనీవోరు. మా అయ్య సెప్పేవోడు. ఓడెక్కి ఎల్లి, మల్లా వొచ్చేసినారంట. తరవాత కరువొచ్చి రంగం ఎలిపోనారు. మరి రాలేదు."

నాటాల్ అంటే డర్బన్ ఉన్న ఆ ప్రాంతం పేరు. పిల్లలున్నారా అని అడిగాను.

"ఈడ ఎవులూ లేరు. ఒక కొడుకు ఆ దేశంలో ఉండిపోనాడని, వొస్తాడని ఆయమ్మ అందరికీ సెప్పుకునేదంట."

రంగూన్‌కు వెళ్ళినవాళ్ళ జాడ తీసే దారి నాకు తెలియలేదు. వాళ్ళ ఇల్లుండే చోటు చూపించమంటే, ఆయన కర్రతో ఒక జీడితోట చూపించాడు. ఫోటో తీసుకుని వచ్చేశాను.

జనవరిలో తిరిగి వెళ్ళగానే ఆంటీకి అంతా చెప్పాను. జీడితోట ఫోటో చేతిలో పెట్టుకుని వింది. ఆయమ్మ ఊళ్ళో చెప్పుకున్న మాట దగ్గర నన్ను ఆపి మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చుంది.

"అవ్వ మీద కోపం వస్తోందా?" అని అడిగాను.

"అవ్వ నన్ను పెంచినాది. నాయన్ని పెంచినాది. కోపం ఎట్లా వస్తది?" అంది. ఫోటో బల్ల మీద పెట్టి, "ఒక చిన్న ఉత్తరం రాసుండొచ్చు. పిల్లాడు బతికినాడని. అంతే" అంది.

అర్జీ సంగతి అన్నగారు భయపడినట్టు కాలేదు. నాన్న పెళ్ళి కాగితంలో తండ్రి పేరు దగ్గర తాత పేరే ఉంది. ఆఫీసు వాళ్ళకు అది చాలింది. స్థలం మీద నిర్ణయం రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది, అప్పటికి మేము అక్కడ లేము.

నేను ఫోటో తెచ్చిన ఏడు దీపావళికి ముందు, చనిపోయిన వాళ్ళకు అన్నం పెట్టే రోజు, ఆంటీ మమ్మల్నీ పిలిచింది. డార్నల్ నుంచి అన్నగారు వచ్చాడు. ఎప్పటిలాగే తాతకీ అవ్వకీ నాన్నకీ అమ్మకీ ఆకులు వేశారు. ఆంటీ పక్కన మరో రెండు ఆకులు వేసింది.

కర్పూరం వెలిగించే ముందు అన్నగారు నన్ను పక్కకు పిలిచాడు. జేబులోంచి ఆకుపచ్చ అట్ట గుర్తింపు పుస్తకం తీసి, దాంట్లో మడిచి పెట్టుకున్న తెల్ల కాగితం ఇచ్చి, ఆ రెండు పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో రాయమన్నాడు. రాసిచ్చాను. ఆకుల ముందు నిలబడి పైకి చదివాడు. రెండో పేరు తప్పు పలికాడు. ఆంటీ దిద్దింది. ఆయన మళ్ళీ పలికి, వంగి నీళ్ళు వదిలాడు.