కంచె దూకే మేక

కరీంనగర్‌లో ఫోన్లు బాగుచేసే ఆరాధనకు చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి. బొమ్మ దొరికితే విప్పి చూడాలి, ఇంటర్నెట్‌లో వింత ఆట కనిపిస్తే అదెలా నడుస్తుందో తేల్చుకోవాలి. "గింత పెద్దగైనవ్, ఇంక గీ ఆటలేంది" అని అవ్వ, అంటే వాళ్ళమ్మ, విసుక్కునేది.

నిరుడు శ్రీరాంపూర్‌లో ఉండే తండ్రి సీమోనుకు పక్షవాతం వచ్చింది. కుడిచేతి వేళ్ళకు పట్టు పోయింది. రబ్బరు బంతిని రోజూ పిసకమని డాక్టర్ చెప్పాడు. సీమోను రెండు రోజులు పిసికి దాన్ని మంచం కిందికి నెట్టేశాడు. "నేనేమన్న చిన్నపిల్లగాన్నా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆరాధన బతిమాలలేదు. స్పాంజి ముక్కలో చిన్న మీట అమర్చి పాత ఫోనుకు కలిపింది. స్పాంజిని నొక్కితే తెర మీద మేక ఎగిరి కంచె దాటుతుంది. లేకపోతే ముళ్ళలో పడి అరుస్తుంది. ఆ అరుపు కోసం అవ్వ చేతనే మేకలా అరిపించి రికార్డు చేసింది.

మొదటిరోజు మేక పడుతూనే ఉంది. అవ్వ అరుపు విన్నప్పుడల్లా సీమోను నవ్వాడు, నవ్వుతూనే మళ్ళీ నొక్కాడు. సంగతి తెలిసి పక్కింటి కొమురెల్లి కూడా వచ్చి ఆడాడు. ఆయన మేక ఎక్కువ దూరం పోయేసరికి సీమోనుకు రోషం వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే స్పాంజి అందుకోసాగాడు.

వానాకాలం నాటికి చాయ్ గ్లాసు కుడిచేత్తోనే పట్టుకుంటున్నాడు. ఆదివారం ఇంటికొచ్చిన కూతురికి ఫోను అందించాడు.

"గీ మేకకు అలవాటైంది బిడ్డా. కంచె జర ఎత్తు పెంచు."