వెలుతురు కుదరని టార్చి

మా బాబాయి కంట పాత టార్చిలైటు పడిందంటే దాని తల విప్పి, బల్బు పీకి, ఎల్ఈడీ పెట్టేదాకా ఆయన చేతులు ఊరుకోవు. ఆ టార్చి ఎవరిదన్నది ఆయనకు తర్వాతి సంగతి.

ఆయన ఉద్యోగం కరెంటు మీటర్ల రీడింగు తీయడం. రోజుకు వంద గుమ్మాలు ఎక్కి దిగేవాడు. ప్రతి గుమ్మంలోనూ మీటరు చూసి, బిల్లు కాగితం చేతిలో పెట్టి, మీ ఇంట్లో పాత టార్చి ఏమైనా ఉందా అని అడిగేవాడు. ఒకసారి తోటి ఉద్యోగి తండ్రి పోతే పరామర్శకు వెళ్ళాడు. కాసేపు తలవంచుకుని కూర్చుని, పెద్దాయన ఎంత మంచివాడో నాలుగు ముక్కలు చెప్పి, ఆయన వాడిన టార్చి ఎక్కడుందని అడిగాడట. పక్కనే ఉన్న పిన్ని ఆ తర్వాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వారంలో టార్చి బాగయింది.

ఉద్యోగం కోసం వచ్చి రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను కాబట్టి ఆయన పనితనం దగ్గర్నుంచి చూశాను. మూలపడ్డ ఎమర్జెన్సీ లైట్లు పోగుచేసి, వాటిలో ఇంకా ప్రాణం ఉన్న ఎల్ఈడీలు పీకేవాడు. పాత బల్బు గాజు పగలగొట్టి, మిగిలిన ఇత్తడి తొడుగులో ఎల్ఈడీ కాళ్ళు దూర్చి టంకం వేసేవాడు. మూడు బ్యాటరీల టార్చి అయితే ఎల్ఈడీ మాడిపోకుండా చిన్న రెసిస్టరు తగిలించేవాడు. అదీ చెడిపోయిన రేడియోలోదే. డబ్బు పెట్టి కొన్నది ఒక్కటీ లేదు. పిన్ని పంచదార డబ్బా అనుకుని మూత తీస్తే లోపల స్ప్రింగులుండేవి.

పాత బల్బుకు బ్యాటరీలు ఎటు తిప్పి పెట్టినా ఒకటే. ఎల్ఈడీ అలా కాదు, తలకిందులైతే వెలగదు. అందుకని టార్చి పాడుచేశావంటూ రోజుకొకరు తగువుకొచ్చేవారు. బాబాయి బ్యాటరీలు తిప్పి పెట్టి చేతికిచ్చేవాడు. చేసింది అర నిమిషం పని, దాని గురించి చెప్పింది అరగంట.

మేడమీద గదిలో టైలరమ్మ అద్దెకుండేది. ఒంటరి మనిషి, కుట్టుమిషనే బతుకుదెరువు. కుట్టేటప్పుడు మిషను పక్కన వెలిగించి పెట్టుకునే ఆవిడ టార్చి మాత్రం ఎన్నిసార్లు చేసినా బాబాయికి కుదరలేదు. ప్రతి ఆదివారం మేడెక్కి, వెలుతురు ఇంకా కుదరలేదంటూ దాన్ని కిందికి తెచ్చేసేవాడు. ఒక ఎల్ఈడీ రెండయింది, రెండు నాలుగయ్యాయి. లోపలి మెరుపు గిన్నెను గరుకు కాగితంతో రుద్ది, వెలుతురు ఒక్కచోటే పడకుండా గుడ్డంతా పరుచుకునేలా చేశాడు. మళ్ళీ పైకి పట్టుకెళ్ళి, ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తుంటే పక్కన నిలబడి చూసి, పెదవి విరుస్తూ దిగేవాడు.

పిన్నికి విసుగొచ్చింది. "వెలుగుతున్న టార్చిని బాగుచెయ్యడమేంటండీ? ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనివ్వండి."

"కుదరలేదే," అన్నాడు బాబాయి.

ఐదో వారం ఆయన కొత్త సంగతి ఎత్తాడు. ఇన్ని ఎల్ఈడీల వెలుతురు మంచిదో కాదో కంటి డాక్టరును అడగాలట. టార్చి ఆవిడది కాబట్టి ఆవిడా రావాలట. తన కళ్ళకేం, బాగానే ఉన్నాయంది టైలరమ్మ. కళ్ళ మాట ఎవరెత్తారు, టార్చి మాట కదా అన్నాడాయన. అక్కడ ఏం పరువు తీస్తాడోనని పిన్ని నన్ను కూడా పంపింది.

"డాక్టరుగారూ, ఈ టార్చి కళ్ళకు మంచిదేనా చెప్పండి. వాడేది ఈవిడ, అందుకని ఈవిడ కళ్ళు చూసి చెప్పండి."

డాక్టరు టార్చి వంక, బాబాయి వంక మార్చి మార్చి చూసి, టైలరమ్మను యంత్రం ముందు కూర్చోబెట్టాడు. చాలాసేపు పరీక్ష చేశాడు.

"టార్చికేం లోటు లేదు. ఈవిడకే రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి. ఆపరేషన్ చేస్తే శుభ్రంగా కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఎలా కుడుతున్నారమ్మా?"

చూపు తగ్గిందని తెలిస్తే ఒక్కరూ గుడ్డ ఇవ్వరని భయమేసిందని టైలరమ్మ మెల్లగా చెప్పింది.

"ఎవరికీ చెప్పక్కర్లేదు అక్కయ్యగారూ," అన్నాడు బాబాయి. "మనం వచ్చింది టార్చి పని మీద."

రెండు నెలల్లో ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. గుడ్డలు తెచ్చినవాళ్ళకు, టైలరమ్మ చెల్లెలింటికి వెళ్ళిందని పిన్ని చెప్పి పంపింది.

కొత్త కళ్ళద్దాలు వచ్చిన వారానికి టైలరమ్మ టార్చి పట్టుకుని కిందికొచ్చింది. వెలుతురు కళ్ళలో పొడుస్తోంది, తగ్గించమంది. బాబాయి టార్చి వెలుతురు తగ్గించమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నొచ్చుకుంటాడేమో అనుకున్నాం. ఆయన అక్కడికక్కడే మూడు ఎల్ఈడీలు పీకేసి, ఒక్కటే ఉంచి, ఈల వేసుకుంటూ మూత బిగించాడు.

నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆయన ప్యాంటు అంచు మీద అప్పుడు పడింది ఆవిడ చూపు. నల్ల ప్యాంటుకు చిలకపచ్చ దారంతో వంకరటింకర కుట్టు. ఆరు నెలలుగా అది వేసుకునే ఆయన వంద గుమ్మాలూ ఎక్కి దిగుతున్నాడు.

"ఇంత అన్యాయంగా ఎవరు కుట్టారండీ?"

మా ఇంట్లో గుడ్డ ఏదైనా ఆవిడ మిషను మీదికే వెళుతుంది. పిన్ని ఏదో అనబోయి, బాబాయి మొహం చూసి ఊరుకుంది.

"బజార్లో ఎవడో," అన్నాడు బాబాయి.

"ఇంకెప్పుడూ వాడికివ్వకండి. ఇలా తెండి, విప్పి కుడతాను."

ఇవ్వనని మాటిచ్చి, బాబాయి బుద్ధిగా లోపలికి వెళ్ళి ప్యాంటు మార్చుకొచ్చి ఆవిడ చేతికిచ్చాడు.