పోలయ్య అనని మాట

2000వ సంవత్సరంలో నేను విశాఖపట్నంలో ఒక దినపత్రికకు స్ట్రింగర్‌గా ఉండేవాణ్ణి. స్ట్రింగర్ అంటే జీతం పుస్తకంలో పేరు లేని విలేకరి. వార్త బాగుంటే "మనవాడే" అంటారు, తేడా వస్తే "ఎవడయ్యా వాడు?" అంటారు. పెందుర్తిలో ఒక గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పొద్దున్నే బస్సెక్కి ఊళ్లోకి దిగితే దొరికినవాళ్లందరినీ పలకరించడమే నా పని. రోజుకు పాతిక మందితో మాట్లాడి గదికి వస్తే "తిన్నావా?" అని అడిగే మనిషి ఉండేవాడు కాదు.

నాకు అప్పగించింది జనాభిప్రాయం శీర్షిక. మా వాడుకలో దాన్ని వాక్స్ పాప్ అంటారు. ఆ వారం వార్త ఏదైతే అది, దాని మీద ఆరుగురు మామూలు మనుషుల్ని ఒకే ప్రశ్న అడగాలి. మంత్రిగారు రాజీనామా చేశారట, ఏమంటారు? ఫ్యాక్టరీ మూతపడుతుందట, ఏమంటారు? దొంగ దొరికాడట, ఏమంటారు? ఒక్కొక్కరిదీ స్టాంపు సైజు ఫొటో, దాని కింద పేరు, పేట, రెండు వాక్యాలు. చదవడానికి రెండు నిమిషాలు, సేకరించడానికి గాడిద చాకిరీ. సగం మంది "మాకెందుకు బాబూ" అని తప్పుకుంటారు, మిగతా సగం ఒకటే మాట అంటారు. అయితే డెస్క్‌కి, అంటే వార్తలు దిద్ది పేజీ పెట్టేవాళ్లకి, ఒక నియమం ఉండేది. ముగ్గురు అనుకూలంగా మాట్లాడాలి, ముగ్గురు వ్యతిరేకంగా మాట్లాడాలి. ఊరంతా ఒక్కమాట మీద ఉన్నా సరే, మా పేజీలో మాత్రం సగానికి సగం చీలి తీరాలి.

ఆ అక్టోబరులో డీజిల్ ధర పెరిగిందని ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేశారు. ఎవరూ వేటకు వెళ్లకూడదని పేట పెద్దలు కట్టు పెట్టారు. పెద్దల కట్టు అంటే అక్కడ పోలీసు ఉత్తర్వు కన్నా ఎక్కువ. డెస్క్ వాళ్లు నన్ను తరిమారు. సమ్మె మంచిదే అనేవాళ్లు ముగ్గురు చిటికెలో దొరికారు. ఐసు ఫ్యాక్టరీలో పనిలేక కూర్చున్న కూలీలు ఇద్దరు వద్దన్నారు. ఆరో మనిషి కోసం ఎండలో గంటసేపు తిరిగాను.

వలలు బాగుచేసే షెడ్డులో ఒక మూల ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని వల కుడుతున్నాడు. పేరు పోలయ్య అన్నాడు.

"సమ్మె మీద నీ మాటేటి తాతా?"

సూది ఆపి నా వైపు చూశాడు. "నానేటి సెప్పగలను బాబూ. మా ఇంటిది పోయి ఇయ్యాలకి పన్నెండు దినాలు. పైడితల్లని, దాని పేరు. ఇంట్లో మాట లేదు. పొయ్యికాడ సప్పుడు లేదు. అందుకే ఇలాగొచ్చి కూకుంతన్నాను."

"అయ్యో" అన్నాను. అని వాచీ చూసుకున్నాను. ఈ మాట రాయాలంటే ఇవాళ్టికీ చేయి వెనకాడుతుంది, కానీ చూసుకున్నాను. "ఇలా చూడు తాతా" అని ఫొటో తీసి బస్సుకు పరిగెత్తాను. నేను ఇంకేదో అడుగుతానని అనుకున్నట్టు ఆయన కెమెరా వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసుకు వచ్చి చూస్తే ఆరు ఫొటోలు, ఐదు అభిప్రాయాలు. ఒక ఫొటోకి మాట లేదు, పేజీకి కావలసిన ఒక మాటకి ఫొటో లేదు. రెండూ కలిపేశాను. "బోటు యజమానుల గొడవకి మా కడుపులు మాడుతున్నాయి. సమ్మె ఆపాలి" అని పోలయ్య బొమ్మ కింద రాసి పంపాను. చదువు రాని మనిషి, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. డెస్క్ ఇన్‌చార్జిగారు "బ్యాలెన్స్ బాగుందయ్యా" అని మెచ్చుకున్నారు కూడా.

మూడు వారాల తర్వాత, సమ్మె ముగిసి బోట్లు మళ్లీ వేటకు కదిలాక, ఇంకో వార్త కోసం హార్బర్‌కి వెళ్లాను. నన్ను చూసి మాట్లాడుకుంటున్నవాళ్లు నోళ్లు మూసుకున్నారు. చివరికి చేపల తట్ట దించుకుంటున్న నూకాలమ్మ నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. ఆవిడది పోలయ్య పక్కిల్లు.

"ఫొటోలు తీసే బాబువి నువ్వే గదా? మళ్లీ ఎవుల కొంప ముంచడానికి వొచ్చినావు?"

"ఏటైంది అమ్మా?"

"ఏటైందా! పెద్దోళ్లు డీజిలు దర మీద ఆఫీసరు కాడికి మాటలకి ఎల్తే, ఆ బాబు పేపరు మొకాన కొట్టినాడట. మీ పోలయ్యే సమ్మె వొద్దంతన్నాడు గదా అన్నాడట. మాటలు సెడిపోనాయి. పోలయ్యతో ఎవులూ మాటాడకూడదని కట్టు ఎట్టేసినారు. వల పనీ లేదు, టీ కొట్టుకాడ టీ కూడా లేదు. ఆడది పోయి నెల తిరిగీ తిరక్కుండా ముసలోడి గతి ఇదీ."

షెడ్డులోకి వెళ్లాను. అదే మూల, అదే మనిషి. పది మంది కలిసి నవ్వుకుంటూ వలలు కుడుతున్నారు, ఆయన చుట్టూ మాత్రం ఖాళీ. ఎవరూ పని ఇవ్వడం లేదు కాబట్టి ఇంట్లో మూలపడేసిన చిరుగుల వల తెచ్చుకుని కుడుతున్నాడు.

"తాతా, తప్పంతా నాది" అన్నాను.

"నానా మాట అనలేదని సెప్పినాను బాబూ" అన్నాడు తల ఎత్తకుండా. "పేపరులో అబద్దం రాత్తారేటి, నువ్వే అబద్దమాడతన్నావు అన్నారు. ఇంట్లో ఎలాగూ మాట లేదు. ఇప్పుడు ఈదిలో కూడా లేదు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

ఆఫీసుకు వచ్చి రిజాయిండర్ రాశాను. వేసిన వార్త తప్పని వేసే దిద్దుబాటు అది. ఇన్‌చార్జిగారు చదివి నా చేతికే ఇచ్చేశారు. "అభిప్రాయానికి రిజాయిండర్ ఏమిటయ్యా? మా వాడు కల్పించాడని మనమే అచ్చేసుకుందామా? నువ్వు అక్కడికి పోయి నోరు జారావనుకో, ఈ శీర్షికా ఉండదు, నువ్వూ ఉండవు" అన్నారు. ఆయన్ను ఏమని తప్పుపట్టను? రాసిన చేయి నాదే కదా.

భయం వేసింది, అబద్ధమెందుకు. ఆ శీర్షిక పోతే నాకు మనుషులతో మాట్లాడే వంక కూడా పోతుంది. రెండు రోజులు గదిలోంచి కదల్లేదు. ఆ రెండు రోజులూ నన్ను పలకరించినవాడు లేడు. పోలయ్యకు ఇలాంటివి ఎన్ని రోజులు గడిచాయో వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆదివారం పొద్దున్న హార్బర్‌కి వెళ్లాను.

ఆదివారాలు పెద్దలు షెడ్డులోనే కూర్చుంటారు. కులపెద్ద అప్పలసామి ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాట పోలయ్యది కాదని, నేను కూర్చుని రాసిందని, ఆయన నాతో చెప్పింది భార్య పోయిన కబురొక్కటేనని చెప్పాను. ఒకతను లేచి కొట్టబోయాడు, అప్పలసామి చేయెత్తి ఆపాడు.

"పేపరోడు కూడా అబద్దం రాత్తాడన్నమాట" అన్నాడు నెమ్మదిగా. "ఆ సంగతి మాకు తెలీకపోడం మా తప్పు. తెలిసి రాయడం నీ తప్పు. పోలయ్య మీద కట్టు తీసేత్తన్నాం. మరి నీకు తప్పు ఎయ్యాల గదా?"

తప్పు అంటే శిక్ష. ఏమంటాడో అని చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఆదివారం ఆదివారం ఇక్కడికి రా. పేపరు మొదటికాడి నుంచి సివరి దాకా సదువు. మా గురించి ఏటి రాత్తన్నారో, లోకం గురించి ఏటి రాత్తన్నారో మేమూ ఇంటాం. నువ్వు మాత్రం ఒక్క ముక్క కలపకూడదు."

శీర్షిక పోయింది. ఇన్‌చార్జిగారు అన్నంత పనీ చేశారు, దయతలచి నన్ను మాత్రం బజారు ధరలు, సభల వార్తలు రాయడానికి ఉంచారు. కానీ ఆదివారాలు నాకు దక్కాయి. ఇన్నేళ్లూ నేను సేకరించానని అనుకున్న జనాభిప్రాయం అసలు ఎలా ఉంటుందో అక్కడే విన్నాను. ఒక నాయకుడు పార్టీ మారాడని చదివితే "బోటు మారితే సేపలు పడిపోతాయేటి బావా?" అని ఒకరినొకరు పొడుచుకునేవారు. ప్రభుత్వ ఫ్యాక్టరీలు అమ్మేస్తారట అని చదివితే నవ్వులు ఆగిపోయేవి. "మా అల్లుడి ఉజ్జోగం ఉంటదా, ఊడతదా? అదొక్కటీ రాయలేదేటి?" అని ఒకాయన ప్రతి వారం అడిగేవాడు. గొలుసు దొంగ దొరికాడంటే ఆడవాళ్లు ముందు అడిగేది "ఏ ఊరోడు?" అని. మనవాడు కాదంటే ఊపిరి పీల్చుకుని, అప్పుడు తిట్టడం మొదలుపెట్టేవారు. అనుకూలం, వ్యతిరేకం అని గీత గీయడానికి వీల్లేని మాటలు. ఒకే మనిషి ఒకే నిమిషంలో అవుననేవాడు, కాదనేవాడు.

పోలయ్య ఒక్కడే మాట్లాడేవాడు కాదు. పని మళ్లీ ఇచ్చారు, టీ ఇచ్చారు, పలకరించారు. ఆయన మాత్రం ఆ మూల వదలలేదు. ఒకసారి తెగిన మాట కట్టు తీసేశాం అనగానే అతుక్కోదు కదా. నేను చదువుతున్నంతసేపూ తల వంచుకుని వల కుడుతూనే ఉండేవాడు.

ఐదో వారమో ఆరో వారమో, పేపరు మడుస్తుంటే ఆ మూల నుంచి గొంతు వినిపించింది.

"బాబూ, మా ఇంటిది పోయిన కబురు ఏ పేపర్లోనైనా వొచ్చిందేటి?"

పెద్దల ఎదుట తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారమే, నూకాలమ్మను వివరాలు అడిగి, నేను ఆ కబురు నాలుగు వాక్యాల్లో రాసి డెస్క్‌కి ఇచ్చాను. "ఎవరయ్యా ఈవిడ?" అని పక్కన పడేశారు. పేపరు నా చేతిలోనే ఉంది. ఆయనకు చదువు రాదు. ఇదిగో తాతా వచ్చింది అని చదివేస్తే తెలుసుకునేవాడు లేడు, ముసలాయన ప్రాణం చల్లబడుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"రాలేదు తాతా" అన్నాను. "నాను రాసి ఇచ్చినాను. వాళ్లు వెయ్యలేదు."

"రాసినావు గదా" అన్నాడు. "అదే సదువు."

సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. "ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే పోలయ్య భార్య పైడితల్లి కన్నుమూశారు. ఆమె ముప్పై ఏళ్లకు పైగా తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మారు. పిల్లలు లేరు. భర్త పోలయ్య ఉన్నారు." అంతే. చదివి ఆపాను.

అప్పలసామి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మంచి మనిషి" అన్నాడు. "ఆయమ్మ సేతి పులుసు అమృతంలాగుండేది" అన్నాడు ఇంకొకాయన. "ఎవులింట్లో పురుడైనా ముందు ఆయమ్మే వొచ్చేది" అంది ఒకామె. అందరూ అదే దారి. ఊరంతా ఒక్కమాట.

అప్పుడు నూకాలమ్మ మూతి తిప్పింది. "ఏటి మంచి మనిసి! కుళాయి కాడ నా బిందె ఎన్నిసార్లు ఎనక్కి తోసేసిందో నాకు తెల్దా? దాని నోరు నోరా, ఓలమ్మో! పోయినోళ్లని అనకూడదు గానీ, గయ్యాళి మనిసి!"

అప్పలసామి ఆవిడ వైపు గుర్రుగా చూశాడు. పోలయ్య సూది కింద పెట్టాడు.

"నిజమే" అన్నాడు. "నన్ను కూడా అలాగే తిట్టేది."

అని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. నూకాలమ్మ వెళ్లి ఆయన పక్కన చతికిలబడి, తనూ ఏడుస్తూ, కుళాయి దగ్గరి తగువులు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మధ్యలో అందుకుని "అది కాదే, ముందు నువ్వే తోసినావంట" అని వాదించాడు. రెండు నెలల పైనుంచి ఆ మనిషి అన్ని మాటలు మాట్లాడటం ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత పాతికేళ్లు ఈ వృత్తిలోనే ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ప్రశ్న అడిగాక వాచీ చూసుకోవద్దు. ఎదుటి మనిషి చెప్పేది మీరు అడిగినదానికి జవాబు కాకపోవచ్చు, అయినా అదే రాసుకోండి. నా పాత నోటుపుస్తకంలో పైడితల్లి గురించి రాసిన ఆ నాలుగు వాక్యాల కింద ఆ రోజు ఇంకొకటి చేర్చాను: "గయ్యాళి మనిషి - నూకాలమ్మ, పక్కింటావిడ." డెస్క్ లెక్క కోసం కాకుండా నేను రాసుకున్న మొదటి వ్యతిరేక అభిప్రాయం అదే.