పదకొండో పేజీలో సంతకం

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేశానని అందరికీ చెప్పుకుంటాను. నిజానికి బడే నన్ను మానేసింది. పూతలపట్టులో మా తెలుగు అయ్యవారు నా వ్యాసం కాగితాన్ని చివరిసారి నా చేతికి తిరిగిస్తూ, "రేయ్ మునిరత్నం, దీంట్లో నేరుగా ఉండేది మార్జిన్ గీత ఒకటేరా" అన్నారు. అదీ స్కేలు పెట్టి గీసింది. అలాంటివాణ్ని పట్టుకొని ఒక పండితుడి మీద సంస్మరణ వ్యాసం రాయమన్నారు మన ఆదివారం పఠనాల సభ్యులు. తప్పులు దిద్దే మనిషి ఇప్పుడు లేరు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

శ్రద్ధాంజలులు నాకు కొత్త కాదు. తిరుపతిలో నాది ఫ్లెక్సీల కొట్టు. 'దివ్యస్మృతికి అశ్రునివాళి' అన్న మాటను నేను అచ్చుకొట్టినన్నిసార్లు ఏ కవీ రాసి ఉండడు. ఆ రోజు పొద్దున, ముందురోజు ఆర్డరు ముగించి కూర్చున్నానో లేదో, ఒకతను సెల్‌ఫోను పట్టుకొని లోపలికి వచ్చాడు.

"అన్నా, ఆరడుగులు నాలుగడుగులు ఒకటి కావాల. అర్జెంటు. ఫొటో పంపిస్తా."

నంబరు చెప్పాను. ఫొటో కంప్యూటరు తెర మీద విచ్చుకుంది. నుదుటి నిండా నామం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, ఆ అద్దాల పైనుంచి మనలో ఏదో పొరపాటు వెతుకుతున్నట్టు చూసే చూపు. వరదాచార్యులు గారు.

"పుట్టినరోజా?" అన్నాను. పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టించుకునే మనిషి కాదని తెలిసి కూడా అన్నాను.

"కాదన్నా. మా పెదనాయన. పొద్దున పెరుమాళ్లకు తిరువారాధన ముగించుకోని కుర్చీలో కూర్చున్నారు. మళ్లా లేవలా."

ఇక్కడ 'దిగ్భ్రాంతి చెందాను' అని రాయాలి. ఆ పదం నా కంప్యూటరులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, నాయకుల సంతాపాలకు వాడతాను. దాని అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది. ముందురోజు ఆర్డరు ఒక శైవ కుటుంబానిది. అందులోని అక్షరాలు తీయకుండా, పేరూ ఫొటో మాత్రం మార్చి మిషనుకు పంపించాను. ఫ్లెక్సీ సగం బయటికి వచ్చాక ఆ అబ్బాయి పైకి చదివాడు. 'శివైక్యం చెందిన శ్రీమాన్ వరదాచార్యులు గారికి...'

"అన్నా, మా పెదనాయన్ని యాడికి పంపిస్తా ఉండావు?"

పరమపదానికి వెళ్లే మనిషిని కైలాసం బస్సు ఎక్కించాను. దాన్ని చింపేసి రెండోది కొడుతూ, ఇది చూసి ఉంటే ఆయన ఏమనేవారా అని ఆలోచించాను. ఏమీ అనేవారు కాదు. పెన్ను తీసి నా చేతికిచ్చేవారు. ఆయన అడిగితే నేను ఇవ్వకుండా నాలుగేళ్లు దాటవేసిన సంతకం ఒకటి ఉంది. నేను రాయదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

వరదాచార్యులు గారు కోవెల కైంకర్యపరుల కుటుంబంలో జన్మించి, ఆళ్వార్ల పాశురాలు నాలుక మీద నిలుపుకొని, ఉద్యోగరీత్యా ఒక అచ్చు కార్యాలయంలో ప్రూఫులు దిద్దుతూ జీవితం గడిపారు. పంచాంగమైనా స్తోత్రమైనా కరపత్రమైనా ఆయన ఎర్రసిరా దాటుకొనే లోకంలోకి రావలసి ఉండేది. అంత నిష్ఠాగరిష్ఠమైన జీవితంలో ఆయనకు వ్యసనం ఒక్కటే, కామిక్స్. అవి కూడా దుకాణాల్లో దొరికే నున్నటి కాగితంవి కావు. ఎవరో ఒక అమ్మాయి, ఎవరో ఒక అబ్బాయి ఇంట్లో గీసుకొని, జిరాక్సు తీయించి, స్టేప్లర్ కొట్టి, తామే అమ్ముకునే పల్చటి పుస్తకాలు. ఎందుకని అడిగితే, "పెద్ద పుస్తకంలో తప్పు దాక్కోవచ్చు నాయనా. పదహారు పేజీల్లో యాడ దాక్కుంటాది?" అనేవారు.

మా పరిచయం కూడా తప్పుతోనే మొదలైంది. వీధి మొగలో నేను కట్టిన ఫ్లెక్సీలో ఏదో అక్షరం పోయిందని చెప్పడానికి గొడుగు వేసుకొని కొట్టుకు వచ్చారు. చెప్పవలసింది చెప్పి వెళ్లబోతూ గోడ దగ్గర ఆగారు. మిగిలిపోయిన ఫ్లెక్సీ ముక్కల వెనకవైపు, కొట్టుకొచ్చే గిరాకీల మీద నేను గళ్లు గళ్లుగా బొమ్మలు గీసి అంటించి ఉంచాను.

"ఎవరు గీసింది?"

"నేనే సామీ. కరెంటు పోయినప్పుడు."

"అయితే ఈ వీధిలో కరెంటు ఇంకా పోవాలప్పా" అన్నారు. మరుసటి నెలలో చెన్నైలో జరిగే కామిక్స్ సమ్మేళనానికి నన్ను వెంటబెట్టుకొని పోయారు.

అది పెద్ద హాలు. ముందు వరసల్లో కామిక్స్ పాత్రల వేషాలు వేసి, అట్టకత్తులు, ముసుగులు, వీపుకు రెక్కలు కట్టుకున్న పడుచువాళ్లు. పంచకట్టు, ఉత్తరీయం, ద్వాదశ నామాలతో ఆచార్యులు గారు గొడుగు పట్టుకొని అడుగుపెట్టగానే నలుగురు కుర్రవాళ్లు సెల్ఫీ కోసం చుట్టుముట్టారు. "సార్, మీరు ఏ క్యారెక్టరు?" అని అరవంలో అడిగాడు ఒకడు. ఈయన గంభీరంగా "ప్రూఫ్ రీడర్" అన్నారు. వాడు తల గోక్కొని, "ఏ సిరీస్‌లో సార్? నేను చదవలేదే" అన్నాడు. "చాలా పాత సిరీస్ నాయనా. ఇప్పుడు రావడంలేదు" అని ముందుకు సాగిపోయారు.

ఆయన గమ్యం చివరి వరస. మూత్రశాలల దారి పక్కన, ఫ్యాను గాలి అందని చోట చిన్న చిన్న బల్లలు వేసి ఉంటాయి. తమ పుస్తకాలు తామే పరుచుకొని కూర్చున్నవాళ్లను జనం దారి అడగడానికి తప్ప పలకరించరు. ఆచార్యులు గారు ప్రతి బల్ల ముందూ ఆగేవారు. నిలబడే మొదటి నుంచి చివరిదాకా చదివేవారు. నచ్చితే కొని, ఎర్రసిరా పెన్ను అందించి అడిగేవారు. "ఇందులో నీకు సరిగ్గా రాని పేజీ ఏది? ఆ పేజీలో సంతకం పెట్టు."

కొందరికి కోపం వచ్చేది. కొందరు నవ్వి, పేజీలు తిప్పుతూ తిప్పుతూ నవ్వు ఆపేసేవారు. ఒకసారి ఒక పుస్తకాన్ని ఇద్దరు స్నేహితులు కలిసి చేశారు, రాసింది ఒకడు, గీసింది ఇంకొకడు. బొమ్మ చెడిన పేజీ అని వీడొకటి చూపించాడు, మాటలు చెడిన పేజీ అని వాడొకటి చూపించాడు. కాసేపటికి ఇద్దరూ అరుచుకున్నారు. చివరికి రాసినవాడు బొమ్మ చెడిన పేజీలో, గీసినవాడు మాటలు చెడిన పేజీలో సంతకాలు పెట్టి ఇవ్వబోయారు. "ఎవరి తప్పు మీద వాళ్లే పెట్టాల. మార్చుకోండి" అని ఆచార్యులు గారు పట్టుబట్టి నిలబడ్డారు. అవి మార్పించుకొనే కదిలారు.

వేలూరు అమ్మాయి ఒకతె బస్సు కండక్టరయిన తన తండ్రి మీద ఎనిమిది పేజీల పుస్తకం వేసింది. చేయి నొప్పిపుట్టి అయిదో పేజీని తొందరగా ముగించానని ఒప్పుకొని అక్కడ సంతకం పెట్టింది. మరుసటి సంవత్సరం ఆ పేజీ కొత్తగా గీసుకొచ్చి, ఆయన కోసం హాలంతా వెతికి, పాతది తిరిగి ఇమ్మంది. ఆయన కొత్తదాన్ని తీసుకున్నారు గానీ పాతది ఇవ్వలేదు. "ఒప్పు అందరికీ ఇచ్చినావు గదమ్మా. తప్పు నా దగ్గర ఉండనీ, భద్రంగా చూసుకుంటా" అన్నారు.

భద్రమంటే ఎంత భద్రమో పుత్తూరులో చూశాను. ఒకసారి చెన్నై నుంచి తిరిగి వస్తూ, టీకి ఆగిన చోట బస్సు మెట్టు మీంచి జారారు. పడేటప్పుడు మనిషి చేతులు ఆనించుకుంటాడు. ఈయన పుస్తకాల సంచీని ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని, రెండో చేతి మణికట్టు మీద పడ్డారు. పుత్తూరులో దించి ఎముకల కట్టుకు తీసుకెళ్లాను. కట్టువాడు ఆకుపసరు సిద్ధం చేస్తుంటే నేనే నసుగుతూ చెప్పాను. "సామీ, దీంట్లో కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు. మీకు..."

"తినేది చెయ్యి గదా నాయనా. నేను కాదే."

కట్టు ఆరేదాకా పక్కన కాలు విరిగి కూర్చున్న ఒక రైతుకు ఆ కండక్టరు కథ చదివి వినిపించారు. అరవంలో ఉన్నదాన్ని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ, కండక్టరు గొంతు ఒకటి, చిల్లర అడిగే ముసలమ్మ గొంతు ఒకటి. రైతు నవ్వుతూనే కేకపెట్టాడు. "సామీ, నవ్వించొద్దు సామీ! కాలు కదల్తా ఉండాది!" అన్నట్టు, ఆ కట్టు విప్పేవరకూ ఆయన అర్ధాంగి ఆండాళమ్మ గారు ఆయన్ని వంటింటి గడప దాటనివ్వలేదు.

నెలకొక ఆదివారం ఆయన ఇంట్లో జరిగిన పఠనాలు ఈ సంచిక చదివేవారిలో చాలామందికి తెలుసు. చాప మీద మనం పదిమంది. బొమ్మలు మన వైపు తిప్పి పట్టుకొని, మాటలు ఆయన జ్ఞాపకం మీద చెప్పేవారు. కథ ముగిశాక సంతకం ఉన్న పేజీ తీసి, "ఇది ఎందుకు చెడింది?" అని మనల్ని అడిగేవారు. ఆ పుస్తకం చేతులు మారుతూ గది చుట్టూ తిరిగేది. ఆండాళమ్మ గారు బొరుగులు తెచ్చి పెడుతూ, "పుస్తకం పదహారు పేజీలు, మీ మాటలు పదహారు గంటలు" అనేవారు. బడిలో నా తప్పుకు సున్నా చుట్టి పక్కకు తోసేవారు. తప్పు ముందు అంతసేపు కూర్చోవచ్చునని నాకు ఆ చాప మీదే తెలిసింది. నా చదువు ఏదైనా ఉంటే అదే.

ఆ ధైర్యంతో నేనూ ఒక పుస్తకం వేశాను. 'పన్నెండు బై ఎనిమిది' అని ఫ్లెక్సీ కొలత దాని పేరు, నా కొట్టే దాని కథ. పదకొండో పేజీలో ఆచార్యులు గారిని గీశాను. నామాన్ని గడి పైగీత దాటించి, పై వరసలో బొమ్మ మధ్యదాకా పొడిగించాను. పొట్ట పక్క గడిలోకి తోసుకుపోతుంది. ఆయన భూతద్దంతో ఆకాశంలో అచ్చుతప్పు వెతుకుతుంటారు. ఆ ఆదివారం చాప మీద అందరూ ఆ పేజీ దగ్గర పడి పడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. తరువాత పెన్ను తీసి నా ముందు పెట్టారు.

"ఏ పేజీ?"

నాకు తెలుసు. పదకొండోది. నవ్వు తెప్పించాలన్న తొందరలో నామం గీశాను, పొట్ట గీశాను, ఆయన్ని గీయలేదు. ఆ ముఖం ఎవరికైనా అతుకుతుంది. కానీ ఆ సంగతి ఆయన ముఖాన చెప్పాలి. నోటికి వచ్చింది మాత్రం వేరే.

"సామీ, నా పుస్తకంలో అన్ని పేజీలూ సమానంగా చెడినాయి. ఒకదానికి పెడితే మిగిలినవి కొట్లాటకొస్తాయి. అట్ట మీద పెడతా."

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా. పుస్తకం మూసి, "అట్లయితే ఇంకా పుస్తకం కాలేదు. అయినప్పుడు మిగతావాటితో అలమారలో పెడతాలే" అన్నారు. దాన్ని ఫ్రిజ్ మీద, పంచాంగం కింద పెట్టారు. నాలుగేళ్లు, పఠనం జరిగిన ప్రతి ఆదివారమూ అది అక్కడే కనిపించింది. ఆయన మళ్లీ అడగలేదు. నేను ప్రతిసారీ అటువైపు వీపు పెట్టి కూర్చున్నాను. ఈసారి చెబుదాం, వచ్చేసారి చెబుదాం అనుకుంటూ, దానికి బదులు ఒక హాస్యం చెప్పి వచ్చేసేవాణ్ని. ఆయన నా హాస్యాలకు నవ్వేవారు కాబట్టి నాకది సులువైంది.

ఆయన వంటి విద్వాంసులు ఇంకా ఉన్నారు, ప్రూఫులు దిద్దే కంప్యూటర్లూ వచ్చాయి. చివరి వరస బల్ల ముందు ఆగి, నిలబడి మొత్తం చదివి, నీకు రానిది ఏదని మర్యాదగా అడిగే మనిషి మాత్రం నాకు తెలిసి ఇంకొకరు లేరు. ఈ ఏడు చెన్నైలో ఆ వేలూరు అమ్మాయి తలెత్తి గొడుగు కోసం చూస్తుంది. ఆమెకు చెప్పవలసిన పని నా మీద పడింది. ఆ మహనీయునికి నేను ఇవ్వగల నివాళి ఒక్కటే మిగిలిందని, పదమూడో రోజు శుభస్వీకారం నాడు భోజనాలయ్యాక ఆండాళమ్మ గారి దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఫ్రిజ్ మీద నా పుస్తకం..."

ఆమె పంచాంగం ఎత్తి, పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఆయన ఎర్రసిరా పెన్ను కూడా ఇచ్చారు. పదకొండో పేజీ తెరిచాను. పొట్ట మీద ఖాళీ ఉంది. సంతకం పెట్టి, కింద చిన్న అక్షరాలతో 'నామం గీసినాను సామీ, మిమ్మల్ని గీయలేదు' అని రాశాను. సంతకం మార్జిన్ గీతంత నేరుగా వచ్చింది.

ఆండాళమ్మ గారు కళ్లద్దాలు పెట్టుకొని పేజీని దగ్గరికి తీసుకొని చూశారు. తరువాత నన్ను చూశారు.

"ఈ పేజీనా? ఇంటికి వచ్చినోళ్లకంతా 'ఇదో, నేనే' అని ఇదొక్కటే తీసి చూపిస్తా ఉండినారు గదప్పా ఆయన! నాలుగేండ్లు కూర్చోని కూర్చోని, ఉండేదాంట్లో బాగుండే పేజీని వెతికి చెడగొట్నావే!"